కాలిపోయిన పికప్ కప్లర్: వైరింగ్ కిట్టు మొత్తం మార్చాలా, కప్లర్ ఒక్కటే వేయాలా? టంకమా, క్రింపా?

నర్సంపేట పికప్
అన్నలందరికీ నమస్తే. నాది 2018 మోడల్ పికప్, రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మిర్చి సీజన్ కదా, ఊళ్ల నుంచి రాత్రిళ్లు బస్తాలు వేసుకుని వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోతున్నాను. మొన్న దారిలో రెండు హెడ్‌లైట్లూ మినుకుమినుకుమని ఒకేసారి ఆరిపోయాయి. ఫోన్ లైటు పట్టుకుని బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ కాలిన వాసన. బ్యాటరీ పక్కన వైర్లను కలిపే 12 పిన్నుల కప్లర్‌లో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకు తిరిగింది. అది రెండు లైట్ల డిమ్ముకూ పోయే పిన్ను. పక్కనున్న రెండు సన్న వైర్ల తోలు కూడా మెత్తబడింది. కప్లర్‌ను చేత్తో ఊపితే లైట్లు వెలుగుతాయి, వదిలితే ఆరిపోతాయి.

సర్వీస్ సెంటర్‌లో ముందు వైరింగ్ కిట్టు మొత్తం మార్చాలి, 24 వేలు అవుతుంది, బండి మూడు రోజులు ఉంచాలి అన్నారు. బయట ఒకాయన కప్లర్ కోసేసి వైర్లు డైరెక్ట్ కొడతా, 500 ఇవ్వమన్నాడు. సీజన్‌లో మూడు రోజులు బండి ఆపితే నా కిస్తీ కట్టలేను. డైరెక్ట్ అంటే రాత్రి లోడుతో మళ్లీ చీకట్లో పడతానేమోనని టెన్షన్. ఏం చేయాలి?

జమ్మికుంట పత్తిబండి
తమ్ముడూ, డబ్బులు పోయినా కిట్టు మార్చేయ్. మూడేళ్ల కింద నేనూ డైరెక్టే కొట్టించాను. ఎండాకాలంలో ఇంజన్ వేడికి టేపు జిగురంతా కారి జారిపోయింది. తొలకరి వానకు జాయింట్లు తడిసి వైరు బాడీకి తగిలింది, ఫ్యూజు పోయింది. హుజూరాబాద్ దాటాక పత్తి లోడుతో తెల్లారే వరకు రోడ్డు పక్కనే ఉన్నాను. వెనక నుంచి ఏ లారీ వచ్చి గుద్దుతుందో అని ఆ రాత్రంతా కన్ను మూయలేదు.

ఆటోనగర్ పాత ఎలక్ట్రీషియన్
పాతికేళ్లుగా వరంగల్‌లో ఇదే పని చేస్తున్నా కాబట్టి చెబుతున్నా. ఒక్క పిన్ను కాలితే కిట్టు మొత్తం మార్చడం అన్యాయం. కిట్టు దించాలంటే పదుల కొద్దీ క్లిప్పులు ఊడదీయాలి, మంచిగా ఉన్న కప్లర్లన్నీ కదపాలి. పాత ప్లాస్టిక్ క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి. లేని జబ్బు కొని తెచ్చుకున్నట్టు అవుతుంది.

అలాగని డైరెక్ట్ కొట్టించొద్దు. రేపు రేడియేటర్ కోసమో డెంటింగ్ కోసమో ముందు భాగం విప్పాల్సి వస్తే విప్పడానికి కప్లర్ ఉండదు. అప్పుడు ఎవరో ఒకరు 12 వైర్లూ మళ్లీ కోస్తారు. అదే రకం కప్లర్ రెండు ముక్కలూ వెతికించు, ఆరేడు అంగుళాల వైరు తోకతో సహా దొరుకుతాయి. పాత బండిది అయితే పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము లేకుండా చూసుకో. ఒక్కో వైరూ కలిపి టంకం వేసి, వేడికి ముడుచుకుని బిగిసే, జిగురున్న హీట్ స్లీవ్ తొడిగితే జన్మకు ఊడదు.

కాజీపేట లోకో వైరింగ్
కప్లర్ మార్చాలన్న దాకా పెద్దాయన మాట నూటికి నూరు పాళ్లు నిజం. టంకం దగ్గర మాత్రం ఒప్పుకోను. నేను రైలు ఇంజన్ల వైరింగ్‌లో పనిచేస్తాను, అదురు ఏం చేస్తుందో రోజూ చూస్తాను.

దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు టంకం వైరు పోగుల్లోకి ఎక్కుతుంది. అది ఎక్కిన మేర వైరు కడ్డీలా గట్టిపడుతుంది, ఆగిన చోటు నుంచి మళ్లీ మెత్తగా ఉంటుంది. బండి అదిరినప్పుడు వంపంతా ఆ హద్దు మీదే పడుతుంది. నమ్మకపోతే జానెడు వైరు ముక్కకు మధ్యలో టంకం వేసి, అటూ ఇటూ వంచి చూడండి. టంకం ఆగిన చోటే పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. పైన తోలు బాగానే ఉంటుంది కాబట్టి తెగింది కంటికి కనిపించదు. ఇంకో సంగతి, మామూలు 60/40 టంకం 183 డిగ్రీలకే మెత్తబడటం మొదలవుతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. ఇది ఒకసారి కాలిన చోటు.

సరైన టూల్‌తో క్రింపు చేస్తే, అంటే వైరును గొట్టం లాంటి లగ్గులో పెట్టి నొక్కేస్తే, పోగులు, లగ్గు ఒకదానిలో ఒకటి నొక్కుకుపోయి మధ్యలో గాలి కూడా దూరదు. చేసిన ప్రతిదాన్నీ గట్టిగా లాగి చూడాలి. వచ్చేదయితే అప్పుడే ఊడొస్తుంది.

ఆటోనగర్ పాత ఎలక్ట్రీషియన్
సరైన టూల్ అన్నావు చూడు, సమస్యంతా అక్కడే ఉంది. క్రింపు చేసే టూల్, వైరు సైజుకు తగ్గ లగ్గు ఎన్ని షాపుల్లో ఉన్నాయి? ప్లయర్‌తో నొక్కి, టేపు చుట్టి పంపిన బళ్లే నా దగ్గరకు వస్తుంటాయి. లగ్గు విప్పితే లోపల వైరు నల్లగా ఉంటుంది. పైకి బ్రహ్మాండంగా కనిపిస్తుంది. టంకం అలా మోసం చేయదు. మెరుస్తూ పోగుల్లోకి పారిందా, ముద్దలా పైన కూర్చుందా అన్నది కంటికే తెలుస్తుంది. అదురు సంగతంటావా, జాయింటుకు రెండు పక్కలా రెండంగుళాల దూరంలో వైరును కట్టేస్తే వంగే ప్రశ్నే లేదు. నేను వేసిన టంకాలు పదిహేనేళ్లుగా ములుగు రోడ్డు మీద తిరుగుతున్నాయి.

కాజీపేట లోకో వైరింగ్
మీ చేతి పని బాగుంటుంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఈ తమ్ముడి బండికి పని చేసేది ఎవరో మనకు తెలియదు. ప్లయర్‌తో నొక్కింది క్రింపే కాదు, దాన్ని చూపించి క్రింపును తప్పు పట్టొద్దు. ఒక్కటి మాత్రం ఇద్దరం ఒప్పుకుందాం. వేడికి నల్లబడిన రాగికి టంకం అంటదు, దాని మీద క్రింపు నిలవదు. ఎర్రగా మెరిసే రాగి కనిపించే వరకు వెనక్కు కోయాలి. పొడవు చాలకపోతే అదే మందం వైరు అతకాలి, సన్నది కాదు.

హన్మకొండ ల్యాబ్
అసలు ఆ పిన్ను ఎందుకు కాలింది? 12 పిన్నుల్లో ఒక్కటే, అదీ హెడ్‌లైట్లదే. కారణం చూడకుండా కొత్త కప్లర్ వేస్తే వచ్చే సీజన్‌కు ఇదే ప్రశ్న మళ్లీ పెడతారు. బల్బుల మీద ఎన్ని వాట్లని రాసి ఉంది? ఇంకో పని చేయండి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, లైట్లు వెలుగుతుండగా ఒక ముల్లు కప్లర్‌కు ఈ పక్క వైరు వెనక, ఇంకో ముల్లు ఆ పక్క అదే వైరు వెనక ఆనించండి. కప్లర్‌లో ఎన్ని వోల్టులు పోతున్నాయో తెలుస్తుంది. మంచి కప్లర్ అయితే 0.1 దాటదు.

నర్సంపేట పికప్
చూశాను సార్. బల్బు మీద 100/90 అని ఉంది. అవి పాత ఓనర్ వేయించినవి, నాకు ఇప్పటిదాకా తెలియదు. మా తమ్ముడు కప్లర్‌ను ఒక పక్కకు నొక్కి పట్టుకుంటే మీటర్ పెట్టాను, 1.4 చూపించింది.

హన్మకొండ ల్యాబ్
దొరికింది. కంపెనీ బల్బు 60/55. డిమ్ములో 55 వాట్లంటే 12 వోల్టుల మీద ఒక్కోటి 4.6 ఆంపియర్లు లాగుతుంది, రెండూ కలిసి 9.2. మీ 90 వాట్ల బల్బులు ఒక్కోటి 7.5, రెండూ కలిసి 15. ఇదంతా ఒకే పిన్ను మోస్తోంది. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. కరెంటు 1.6 రెట్లు అయితేనే పిన్నులో వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. ఆ వేడికి అవతలి పిన్నును పట్టుకునే ఆడ పిన్ను స్ప్రింగు బిగువు పోతుంది. పట్టు వదులైతే రెసిస్టెన్స్ పెరిగి ఇంకా వేడెక్కుతుంది. ఇప్పుడు మీ కప్లర్‌లో 1.4 వోల్టులు పోతున్నాయి, 15 ఆంపియర్లతో గుణిస్తే 21 వాట్లు. బజారులో దొరికే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. ఇంచుమించు అలాంటిదాన్ని మిర్చి బస్తాల ముందు రాత్రంతా వెలిగించి పెట్టుకుని తిరిగారు.

పరకాల డ్రైవర్
అన్నలూ, నాది బీఎస్6 బండి. సెన్సార్ల కప్లర్లకు కూడా ఇదే పద్ధతా?

కాజీపేట లోకో వైరింగ్
పద్ధతి అదే, జాగ్రత్త రెండింతలు. చాలా సెన్సార్లు 5 వోల్టుల మీద పనిచేస్తాయి, అక్కడ కొంచెం చిలుము పట్టినా కంప్యూటర్ రీడింగును తప్పుగా చదివి ఇంజన్ పవర్ తగ్గించేస్తుంది. పురిపెట్టిన జంట వైర్లు ఉంటే పురి విప్పొద్దు. ఎయిర్‌బ్యాగ్ పసుపు కప్లర్ జోలికి మాత్రం బయట ఎవరినీ పోనివ్వకండి.

ఆటోనగర్ పాత ఎలక్ట్రీషియన్
తమ్మీ, ముందు బల్బులు 60/55కు మార్చు. వెలుగు చాలదనిపిస్తే వాట్లు పెంచకు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు) పెట్టించు. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు నేరుగా రిలేకు, అక్కడి నుంచి బల్బులకు పోవాలి. కప్లర్ పిన్నుకు రిలే చుట్టను లేపడమే పని, అది ఒక ఆంపియర్‌లో అయిదో వంతు కూడా లాగదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయడం మర్చిపోవద్దు.

నర్సంపేట పికప్
మార్కెట్ సెలవు రోజు చూసుకుని పాత ఎలక్ట్రీషియన్ అన్న దగ్గరికే బండి తీసుకుపోయాను. కాజీపేట అన్న కూడా తన క్రింపు టూల్ పట్టుకుని వచ్చాడు, ఇద్దరికీ రుణపడి ఉంటాను. వైర్లన్నీ ఒకేసారి కోయకుండా ఒక్కొక్కటే కోసి, అది కలిపాకే రెండోది ముట్టారు. దాంతో రంగులు తారుమారు కాలేదు. జాయింట్లు ఒకే చోట ముద్దగా పడకుండా మెట్లు మెట్లుగా వేశారు. పది వైర్లు క్రింపు. తోలు మెత్తబడిన ఆ రెండు సన్న వైర్లకు మాత్రం పెద్దన్న పట్టుబట్టి టంకమే వేశాడు. పైన ఇన్సులేషన్ టేపుకు బదులు గుడ్డ టేపు చుట్టారు. సామాన్లు, రిలే, బల్బులు, కూలి అన్నీ కలిపి 3,200 అయింది. బండి సాయంత్రానికి చేతికొచ్చింది.

ఇప్పుడు బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు పిన్ను దాకా మొత్తం కలిపి 0.3 వోల్టులే పోతున్నాయి. నిన్న రాత్రి లోడుతో పోయి, మార్కెట్ గేటు దగ్గర లైన్లో ఆగినప్పుడు బానెట్ ఎత్తి కప్లర్ మీద చెయ్యి పెట్టాను. ఇంజన్ వేడి తప్ప దాని సొంత వేడి ఏమీ లేదు.

ఆటోనగర్ పాత ఎలక్ట్రీషియన్
సంతోషం తమ్మీ. వానాకాలం పోయాక ఒకసారి తీసుకురా, మళ్లీ మీటర్ పెడదాం.

కాజీపేట లోకో వైరింగ్
ఆ రెండు టంకం వైర్లకు కూడా పెట్టాలి అన్నా. ఆ రోజు నేనూ వస్తా.