ఆండాళ్ పంపిన మబ్బుల్ని ఎలా చదవాలి?

నమస్కారం అండి. సంగం కాలపు అకం కవితలూ (ప్రాచీన తమిళ ప్రేమ కవితలు), వైష్ణవ భక్తకవులైన ఆళ్వార్ల పాశురాలూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఒక సందేహం వదలట్లేదు.

అకంలో ప్రేమికులకి పేర్లుండవు. వాళ్ల మనసెలా ఉందో చోటే చెబుతుంది. కొండసీమ అయితే కలయిక, సముద్రతీరం అయితే బెంగ, ముల్లై అనే అడవి సీమ అయితే ఎదురుచూపు. వానాకాలానికల్లా వచ్చేస్తానన్నవాడు రాడు, మబ్బులు మాత్రం కమ్ముకొస్తాయి, అడవిమల్లెలు పూసేస్తాయి. పాపం, ఆ పిల్ల ఏం చెయ్యగలదు?

ఆళ్వార్లలో ఒకరైన ఆండాళ్ (మన గోదాదేవి) కూడా తన ‘నాచ్చియార్ తిరుమొళి’లో మబ్బుల్నే పిలిచి వేంకటాచలపతికి కబురు పంపుతుంది. అయితే ఇక్కడ నాయకుడికి పేరుంది, కొండకీ పేరుంది. మన తిరుమలే!

ఈ మబ్బుల్ని ముల్లై సంప్రదాయానికి కొనసాగింపు అనుకోవచ్చా? లేక దూతలంటే ఆచార్యులే అని చెప్పే శ్రీవైష్ణవ వ్యాఖ్యానాల దారిలోనే చదవాలా? ఆ రెండోదాన్నే పట్టుకుంటే ఆమె విరహంలో వేడి తగ్గిపోతుందని నాకనిపిస్తోంది. నమ్మాళ్వార్ నాయికగా మారి కొంగల్ని రాయబారం పంపే పాశురాల దగ్గరా ఇదే చిక్కు.

తమిళం బాగా వచ్చినవాళ్లు, వ్యాఖ్యానాలు గురుముఖంగా విన్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి. తెలుగులో చదవదగ్గ పుస్తకం ఉన్నా చెప్పండి.