డైవర్టర్ వాల్వ్ తీసేసి బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టించాలా? (ఆక్టేవియా ఆర్ఎస్ 1.8 టర్బో)

తార్నాక_ఆర్ఎస్:
అందరికీ నమస్కారం. నా దగ్గర 2006 స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ ఉంది. 1.8 టర్బో పెట్రోల్, 150 హార్స్‌పవర్, అంతా స్టాకే (కంపెనీ ఇచ్చినట్టే), ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే రీమ్యాప్ కూడా లేదు. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, ప్రాణంలా చూసుకుంటున్నాను. నెల నుంచి పికప్ తగ్గింది. థర్డ్ గేర్‌లో సీటుకి అదిమే ఆ ఊపు రావట్లేదు, గేర్ మార్చి మళ్లీ తొక్కితే ఒక క్షణం ఆలస్యంగా అందుకుంటోంది. మాడిఫికేషన్లు చేసే ఒక షాపులో చూపిస్తే డైవర్టర్ వాల్వ్ పోయిందన్నారు, దాని బదులు బ్లో-ఆఫ్ వాల్వ్ వేస్తే పికప్ పెరుగుతుంది, గేర్ మార్చినప్పుడల్లా ఆ ‘ప్ష్‌ష్’ సౌండ్ కూడా వస్తుందన్నారు. ఆ సౌండ్ అంటే నాకు చాలా ఇష్టం, దాచుకోను. కానీ ఎంఏఎఫ్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్న బండికి అది పడదని చదివిన దగ్గర్నుంచి టెన్షన్‌గా ఉంది. ఎవరైనా వేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. శనివారం రమ్మన్నారు.

పాత_షెడ్డు:
తమ్ముడూ, శనివారం వెళ్లకు. ముందు ఇది చదువు.

నువ్వు గేర్ మార్చడానికి యాక్సిలరేటర్ వదిలేసరికి ఇంజన్‌కి గాలి వదిలే త్రాటిల్ మూసుకుంటుంది, కానీ గాలిని లోపలికి నెట్టే టర్బో ఇంకా నిమిషానికి లక్ష చుట్ల వేగంలోనే ఉంటుంది కదా, అది తోస్తున్న గాలికి దారి లేక వెనక్కి తన్ని కంప్రెసర్ చక్రం మీదే పడుతుంది. అలా పడకుండా డైవర్టర్ వాల్వ్ తెరుచుకుని ఆ గాలిని మళ్లీ టర్బో ముందున్న ఇన్‌టేక్ పైపులోకి పంపుతుంది. ఆ గాలి చేరేది ఎంఏఎఫ్ దాటిన తర్వాత చోటికి. అసలు సంగతంతా అక్కడే ఉంది. ఎంఏఎఫ్ ఆ గాలిని ఒకసారి లెక్కపెట్టేసింది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) దానికి సరిపడా పెట్రోల్ రాసి పెట్టుకుంది. గాలి లోపలే తిరుగుతుంది కాబట్టి లెక్క తప్పదు. బ్లో-ఆఫ్ వాల్వ్ ఆ గాలిని బయటికి వదిలేస్తుంది, ఈసీయూకి ఆ విషయం తెలియదు. లేని గాలికి పెట్రోల్ పోస్తుంది. ప్రతి గేర్‌కీ ఒక క్షణం మిశ్రమం రిచ్ అవుతుంది (పెట్రోల్ ఎక్కువవుతుంది), బండి తడబడుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, కాలని పెట్రోల్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి దాన్ని పాడు చేస్తుంది.

ఇంకోటి చాలామంది చెప్పరు. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) మేనిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో, వాక్యూమ్ బాగా ఉంటుంది, స్ప్రింగ్ మెత్తగా ఉన్న బ్లో-ఆఫ్ వాల్వ్ అయితే సిగ్నల్ దగ్గర ఊరికే తెరుచుకుని బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. అది ఫిల్టర్ చూడని గాలి, ఎంఏఎఫ్ లెక్కపెట్టని గాలి. మన రోడ్ల దుమ్ము నేరుగా ఇంజన్‌లోకి పోతుంది, ఐడిల్ పైకీ కిందకీ ఊగుతుంది. డైవర్టర్ ఐడిల్‌లో తెరుచుకున్నా ఏమీ కాదు, అది పీల్చేది శుభ్రమైన, లెక్కలో ఉన్న గాలే.

ఇక నీ బండికి ఏమైందో చూద్దాం. ఆ వాల్వ్ లోపల రబ్బరు పొర (డయాఫ్రమ్) ఉంటుంది, ఇన్నేళ్ల వేడికి చిరగడం మామూలే. చిరిగితే బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) దాని గుండా జారిపోతుంది, నువ్వు చెప్పిన లక్షణాలు అవే. రెండు క్లిప్పులు వదులు చేసి వాల్వ్ బయటికి తియ్యి. పెద్ద రంధ్రంలోంచి లోపలి పిస్టన్‌ని వేలితో పైకి నెట్టు, పైనున్న సన్న గొట్టాన్ని ఇంకో వేలితో గట్టిగా మూసి పిస్టన్‌ని వదిలెయ్యి. పైనే నిలిచిపోతే బాగున్నట్టు. దిగివచ్చేస్తే చిరిగినట్టే. దీనికి షాపు అక్కర్లేదు.

డాలస్_సుబారు:
పాత_షెడ్డు గారు చెప్పినది అక్షరాలా నా అనుభవం. ఇక్కడ డాలస్‌లో నాకు 2011 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఉంది, అదీ ఎంఏఎఫ్ బండే, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) మీద బైపాస్ వాల్వ్ (డైవర్టర్ లాంటిదే) కంపెనీ ఇచ్చినదే ఉండేది. ఫ్రెండ్స్ అందరి బండ్లకీ సౌండ్ ఉంటే నేనూ బయటికి వదిలేది బిగించాను. మొదటి వారం బాగా ఎంజాయ్ చేశాను. తర్వాత సెకండ్ నుంచి థర్డ్‌కి మారిన ప్రతిసారీ ఒక కుదుపు, వెనక సైలెన్సర్‌లో చిన్న పేలుడు లాంటి చప్పుడు, గరాజ్‌లో పెట్రోల్ వాసన. మా ఆవిడ పిల్లవాడిని ఆ బండిలో స్కూలుకి తీసుకెళ్లనంది, అప్పుడు తీసేశాను. పాతది తిరిగి బిగించిన రోజే కుదుపు పోయింది. ఆ షాపువాళ్లు చెప్పే ‘పికప్ పెరుగుతుంది’ అనేది ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్తాను: చిరిగిన వాల్వ్ తీసి ఏ కొత్త వాల్వ్ పెట్టినా పోయిన బూస్ట్ తిరిగొస్తుంది, ఆ క్రెడిట్ బ్లో-ఆఫ్‌కి ఇచ్చేస్తారు.

గుంటూరు_టీజెట్:
ఒక్క మాట, అన్ని బండ్లకీ ఇదే వర్తించదు. నాది ఫియట్ లీనియా టీ-జెట్, ఇందులో ఎంఏఎఫ్ లేదు. ఈసీయూ మేనిఫోల్డ్‌లో ప్రెషర్, టెంపరేచర్ చూసి గాలి లెక్క కడుతుంది, కాబట్టి త్రాటిల్ ముందు ఎంత గాలి బయటికి పోయినా దానికి పట్టదు. నాలుగేళ్లుగా బయటికి వదిలే వాల్వ్‌తోనే తిరుగుతున్నాను, ఒక్క ఎర్రర్ కోడ్ రాలేదు. పవర్ మాత్రం పిసరంత కూడా పెరగలేదు, సౌండ్ కోసమే పెట్టుకున్నాను. తార్నాక బ్రో, నీ బండికి వద్దు. మరీ సౌండ్ కావాలంటే ఎయిర్ ఫిల్టర్ బాక్స్ దగ్గర ఓపెన్ ఇన్‌టేక్ పెట్టు, గాలి లోపలే తిరిగినా ఆ ఊదుడు బాగా వినిపిస్తుంది. కాకపోతే ఇంజన్ వేడి గాలి పీల్చకుండా అడ్డు రేకు పెట్టించు.

కొత్త_క్లచ్:
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోవద్దు. నాది డీజిల్, దీనికి బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టొచ్చా?

పాత_షెడ్డు:
అవసరమే లేదమ్మా. డీజిల్‌లో పవర్‌ని డీజిల్ పరిమాణంతో అదుపు చేస్తారు, పెట్రోల్ బండిలా గాలి దారి మూసి కాదు. కొన్నింటిలో ఫ్లాప్ ఉన్నా అది ఈజీఆర్ (పొగను కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) కోసం, బండి ఆపేటప్పుడు వణకకుండా ఉండటం కోసం. గాలి వెనక్కి తన్నే పరిస్థితే రాదు. డీజిల్‌కి అమ్మే కిట్లు కరెంటుతో వాల్వ్ తెరిచి చప్పుడు చేయిస్తాయి, అంటే ఉన్న బూస్ట్‌ని పారబోయడమే.

తార్నాక_ఆర్ఎస్:
ఇప్పుడే టెస్ట్ చేశాను. పిస్టన్ ఒక్క సెకను కూడా నిలవలేదు. గొట్టంలోంచి నోటితో ఊదితే గాలి అవతలికి వచ్చేస్తోంది. షాపుకి ఫోన్ చేసి శనివారం రావట్లేదని చెప్పాను. బాష్ 710ఎన్ డైవర్టర్ వాల్వ్ ఆర్డర్ పెట్టాలనుకుంటున్నాను, సరైనదేనా?

పాత_షెడ్డు:
సరైనదే. నీ స్టాక్ బూస్ట్‌కి అది చాలినంత కంటే ఎక్కువే. నకిలీలు బాగా తిరుగుతున్నాయి, నమ్మకమైన చోట బిల్లుతో తీసుకో. బిగించేటప్పుడు సన్న వాక్యూమ్ హోస్ కూడా మార్చెయ్, మీటర్ ముక్క చాలు. పాతది వంచి చూడు, పగుళ్లు కనిపిస్తాయి.

తార్నాక_ఆర్ఎస్:
వంచగానే విరిగింది అన్నా. ఫోటో రాత్రికి పెడతాను.