గంట తేడాతో తీసిన ఆకాశం, నేల: ఒకే ఫొటోలో కలపొచ్చా?

గోదారి_వెలుగు:
జూన్ చివర్లో ఐస్‌లాండ్ పడమటి కొసన, లాత్రబ్యార్గ్ కొండ అంచున ఒక ఫొటో తీశాను. పఫిన్ పక్షి, గడ్డి రాత్రి 11:50వి. ఆకాశం 12:55ది. ట్రైపాడ్ కదపలేదు, ఇంటికొచ్చాక రెండూ కలిపాను. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "ఇది ఫొటో కాదు, అతుకు" అనేశారు. హైదరాబాద్‌లో అయితే సూర్యబింబం దిగంతాన్ని తాకిన రెండున్నర నిమిషాల్లో మాయం. అక్కడ ఇరవై నిమిషాలు దాటినా ఇంకా బింబం అంచు కనబడుతూనే ఉంది. పొద్దు గుంకడమే అంతసేపు సాగుతుంటే అదంతా ఒకే సూర్యాస్తమయం కాదా?

ట్రైపాడ్_బాబాయి:
కాదు. ఆకాశం వెలుగు, నేల చీకటి ఒకే ఎక్స్‌పోజర్‌లో, అంటే ఒక్క క్లిక్‌లో పట్టవు కాబట్టి వెలుతురు హెచ్చుతగ్గులతో వెంటవెంటనే మూడు తీసి కలుపుతాం. అది నేనూ చేస్తా. మీరు కలిపింది వెలుగుల్ని కాదు, వేళల్ని. పైగా అంత ఉత్తరాన సూర్యుడు కిందికి దిగడం కన్నా పక్కకు జరగడమే ఎక్కువ. గంటకు దాదాపు 15 డిగ్రీలు కుడికి జరుగుతాడు. గడ్డి నీడలు ఒక సూర్యుడివి, ఆకాశంలో ఉన్నది ఇంకో సూర్యుడు. జూమ్ చేసి చూసుకోండి.

మంచు_మజిలీ:
నీడల సంగతి నిజమే. నేనైతే అక్కడ పడమటికి కెమెరా పెట్టుకుని గంటసేపు వెర్రిదాన్లా కూర్చున్నా. సూర్యుడు మాత్రం తీరిగ్గా ఉత్తరం వైపు జారుకున్నాడు! అక్కడి గడియారం ఎంతో తూర్పున ఉన్న గ్రీనిచ్ సమయం, సూర్యుడి లెక్కన అసలు అర్ధరాత్రి ఒంటిగంటన్నర దాటాకే. ఆ లెక్క తెలియక మొదటి రోజు తీసిన ఫొటోలన్నీ వృథా. అయినా బాబాయ్ గారూ, గోదారి_వెలుగు గారు 440 మీటర్ల కొండ అంచున పొట్ట మీద పడుకుని, ఆ గాలిలో గంటకు పైగా ట్రైపాడ్ కాపలా కాశారు కదా, ఒక మార్కైనా వెయ్యరా?

ట్రైపాడ్_బాబాయి:
కష్టానికి పదికి పది. క్యాప్షన్‌లో "అర్ధరాత్రి వేళ పఫిన్" అని ఉంది, నా పేచీ దానితో. రెండు వేళలూ రాసి ఉంటే నోరెత్తేవాణ్ని కాదు.

గోదారి_వెలుగు:
జూమ్ చేశాను. నీడలు తేడాగానే ఉన్నాయి, ఒప్పుకుంటా. కానీ 12:55 ఫ్రేమ్‌లో గడ్డి మొత్తం నల్లటి ముద్ద. ఒక్క పరక కూడా విడిగా కనబడదు. ఇంకేం చెయ్యమంటారు?

మంచు_మజిలీ:
ఆ ఫ్రేమ్‌లో పఫిన్ ఎలా వచ్చిందండీ?

గోదారి_వెలుగు:
లేదండీ. 12:20కే సముద్రం మీదికి ఎగిరిపోయింది.

ట్రైపాడ్_బాబాయి:
మరి ఆ ఎర్రటి ఆకాశం కింద దాన్ని కూర్చోబెట్టిందెవరు?

గోదారి_వెలుగు:
నేనే. క్యాప్షన్ మారుస్తా, ఆకాశాన్ని మాత్రం వదులుకోను.