పోలండ్ వాళ్ల బోటి సూప్ 'ఫ్లాకి' వైజాగ్‌లో వండుకోవచ్చా?

ఎంవీపీ_అమ్మ:
మా చిన్నమ్మాయి క్రాకోలో చదువు పూర్తి చేసుకుని వచ్చింది. ఇక్కడి ఉక్కపోతలో కూర్చుని అక్కడ చలికాలంలో తిన్న ఫ్లాకి కావాలంటోంది. అది చెప్పిన లిస్టులో బోటి, క్యారెట్ తప్ప మిగతావి నేనెప్పుడూ కొన్నవి కావు: సెలెరీ దుంప, పార్స్లీ వేరు, లీక్, మార్జోరం, ఆల్‌స్పైస్. అక్కడ గొడ్డు బోటి వేస్తారట, మా ఇంట్లో మేకదే వండుతాం. సరిపోతుందా? అంత తక్కువ మసాలాతో ఉడికిస్తే వాసన రాదా? మా ఆయన ఇప్పుడే ముక్కు మూసుకుంటున్నారు.

బీచ్‌రోడ్_బాబు:
ఆంటీ, అల్లంవెల్లుల్లి పేస్టు, ధనియాల పొడి దట్టించి కుక్కర్లో పెట్టేయండి. వాసన గీసన ఏమీ ఉండదు.

గ్యాలీ_తాత:
బాబూ, అలా చేస్తే అది మన బోటి కూరే అవుతుంది, దానికి పోలండ్ దాకా ఎందుకు?

అమ్మా, నేను ఓడల మీద వంటవాడిగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాను. పోలిష్ ఆఫీసర్లున్న ఓడలో దీన్ని వండాను. వాసనంతా మొదటి నీళ్లలోనే పోవాలి. కొట్లో పేగులు కలపొద్దని చెప్పండి, దీనికి పొట్ట భాగమే కావాలి. ఉప్పు, పసుపు వేసి రుద్ది కడిగి, చన్నీళ్లలో పెట్టి పది నిమిషాలు మరిగించి ఆ నీళ్లు పారబోయండి. ఇంకోసారి అలాగే చేయండి. ఈ పని దగ్గర బద్ధకిస్తే తర్వాత ఎన్ని దినుసులేసినా దండగే.

గొడ్డు బోటి మందం, మామూలు గిన్నెలో మూడు నాలుగు గంటలు ఉడకాలి. మేకది పలచన కాబట్టి కుక్కర్లో సన్నమంట మీద అరగంట చాలు. చల్లారాక నూడుల్స్‌లా సన్నగా, పొడుగ్గా కోయండి. ముక్కలు ముక్కలుగా కొడితే మీ అమ్మాయి ఒప్పుకోదు.

కిలో బోటికి రెండు లీటర్ల ఎముకల రసం పెట్టుకోండి. అందులో సన్నగా తరిగిన క్యారెట్, లీక్ బదులు ఉల్లికాడల తెల్ల భాగం, దుంప బదులు సెలెరీ కాడలు, పార్స్లీ వేరు బదులు కడిగిన కొత్తిమీర వేళ్లు వేయండి. బిర్యానీ ఆకు, మిరియాలు, కొంచెం శొంఠి, జాజికాయ చిటికెడు. ఆల్‌స్పైస్ లేకపోతే రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క. ఎర్రరంగుకి కాశ్మీరీ కారం, గుంటూరు కారం జోలికి పోవద్దు. చివర్లో రెండు చెంచాల వెన్నలో రెండు చెంచాల మైదా దోరగా వేయించి కలిపితే చిక్కబడుతుంది.

మార్జోరం కోసం వెతకక్కర్లేదు, మల్లెపూలలో కలిపి కట్టే మన మరువమే అది. ఫ్లాకికి ప్రాణం అదే. కానీ పూర్ణా మార్కెట్లో దండల కోసం అమ్మే మరువం కూరలో వేయకండి, దాని మీద ఏ మందు కొట్టారో మనకేం తెలుసు. నర్సరీలో కుండీ కొని, ఆకు నీడన ఎండబెట్టి, దించే ముందు చేత్తో నలిపి వేయండి. ముందే వేస్తే ఘుమఘుమ ఉండదు.

ఎంవీపీ_అమ్మ:
మరువం మా బాల్కనీలోనే ఉంది బాబాయ్ గారూ! మరి మా ఆయనకేం పెట్టను? బోటి ముట్టరు.

గ్యాలీ_తాత:
పోలండ్‌లో ఆయిస్టర్ పుట్టగొడుగులతో కూడా చేస్తారమ్మా. నిలువుగా చీల్చి, వెన్నలో వేయించి, కూరగాయల రసంలో వేస్తే చాలు, మిగతా దినుసులన్నీ అవే. అరగంటలో అయిపోతుంది.

బీచ్‌రోడ్_బాబు:
తాతగారూ, అన్నంలోకి బాగుంటుందా?

గ్యాలీ_తాత:
వాళ్లు రొట్టె ముంచుకుని తింటారు. నేను మాత్రం ఆఫీసర్లు లేచి వెళ్లాక వేడన్నంలో పోసుకుని, పక్కన ఆవకాయ పెట్టుకునేవాణ్ణి.