విద్యార్థులలో హెచ్‌ఐవీ అవగాహనపై సర్వే: మనసులోని మాట రాయించడం ఎలా?

నేను ఆంధ్రప్రదేశ్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ పీజీ చదువుతూ, హెచ్‌ఐవీ గురించి, లైంగిక ప్రమాదాల గురించి తోటి విద్యార్థులకు ఎంత తెలుసు, వారి వైఖరి ఏమిటి అన్న విషయంపై ప్రాజెక్టు చేస్తున్నాను. ఈశాన్య రాష్ట్రాలను మినహాయిస్తే హెచ్‌ఐవీ వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో మనది ఒకటి కనుక, దీనిని మార్కుల కోసం లాంఛనంగా ముగించడం నాకు ఇష్టం లేదు.

పరిజ్ఞానానికి సంబంధించిన ప్రశ్నలు సిద్ధమయ్యాయి. ముందుగా కొద్దిమందిని అడిగి చూస్తే, దోమకాటు వల్ల, కలిసి భోజనం చేయడం వల్ల హెచ్‌ఐవీ సోకదని చాలామంది సరిగానే రాశారు. అయితే హెచ్‌ఐవీ సోకే అవకాశమున్న సంఘటన జరిగిన 72 గంటలలోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వ్యాధి సోకకుండా చాలావరకు నివారించవచ్చని గాని, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులతో రక్తంలోని వైరస్ గుర్తించలేనంతగా తగ్గి అలాగే కొనసాగినవారి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదని గాని, వారిలో ఎవరికీ తెలియదు.

అసలు ఇబ్బంది వైఖరి దగ్గరే వస్తోంది. హెచ్‌ఐవీ ఉన్న విద్యార్థితో హాస్టల్ గది పంచుకుంటారా అంటే అందరూ అవుననే రాస్తున్నారు. మాటల్లో మాత్రం, కోర్టు ఆదేశం లేకుండా ఎవరినీ తమ హెచ్‌ఐవీ స్థితి వెల్లడించమని బలవంతపెట్టరాదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతున్నా, హెచ్‌ఐవీ ఉన్నవారి పేర్లు తమకు తెలియాలంటున్నారు. కండోమ్ వాడకం గురించిన ప్రశ్నను అమ్మాయిలు ఎక్కువగా ఖాళీగా వదిలేస్తున్నారు.

ఇటువంటి సర్వేలు చేసినవారు, ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) కౌన్సెలర్లు, కళాశాలల్లో హెచ్‌ఐవీ అవగాహన కల్పించే రెడ్ రిబ్బన్ క్లబ్బులలో పనిచేసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు. పేరు లేని కాగితాలను మూసిన పెట్టెలో వేయించడం మంచిదా, ఫోన్‌లో నింపించడం మంచిదా? సొంత ప్రవర్తనను అడగకుండా, ఒక ఊహాజనిత సందర్భం ఇచ్చి అభిప్రాయం అడిగితే సరిపోతుందా? చివరి పేజీలో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ సమాచారానికి ఉన్న 1097 హెల్ప్‌లైన్ నంబరు ఇస్తున్నాను. ప్రశ్నలు చదివి భయపడిన విద్యార్థి కోసం అంతకుమించి ఏ ఏర్పాటు చేయాలి?