గానుగ నూనె, చేతి సబ్బు, సున్నిపిండి: రెట్టింపు ధర పెట్టొచ్చా?

తులసికోట (హైదరాబాద్):

మూడు నెలల కింద ఆదివారం సంతలో నాలుగు వస్తువులు కొన్నాను. చెక్క గానుగలో ఆడిన పల్లి నూనె లీటరు 420, తాటిబెల్లం అరకిలో 260, కలబంద సబ్బు ఒకటి 180, సున్నిపిండి పావుకిలో 220. అంతా కలిపి 1,080 రూపాయలు. నాలుగింటి మీదా ఒకే మాట రాసి ఉంది: "నూటికి నూరు శాతం సహజం". ఇలాంటివి ఒకసారి వాడి చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. వాడాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, మీరేమంటారో చెప్పండి.

నూనె మూత తీయగానే పచ్చి పల్లీలు నమిలినప్పటి వాసన. కందిపొడి అన్నంలో ఒక చెంచా వేసుకుంటే నెయ్యి అడగాలనిపించలేదు. గారెలు వేసేటప్పుడు మాత్రం బాణలిలో నురగ అంచు దాటి పొంగింది, భయపడి మంట ఆపేశాను. తాటిబెల్లం రుచికి వంక లేదు కానీ నీళ్లలో కరిగిస్తే గ్లాసు అడుగున సన్నటి ఇసుక దిగింది. వడకట్టి వాడుతున్నాం. సబ్బు చర్మానికి హాయిగా ఉంది, బిగదీసినట్టు లేదు. కానీ పెట్టెలో నానిపోయి రెండు వారాలకే ముద్దయింది.

దెబ్బ తిన్నది సున్నిపిండి దగ్గర. మా అమ్మాయి ముఖానికి, మెడకి పట్టించుకుని పావుగంట ఉంచి, పైపైన కడుక్కుని, తల ఆరబెట్టుకుంటూ మేడ మీద ఎండలో కూర్చుంది. రెండో రోజుకి చెంపలు ఎర్రగా కందిపోయాయి. వారానికి అదంతా నల్లమచ్చగా మారింది. కాలేజీకి చున్నీ కప్పుకుని వెళ్లింది పిల్ల. అమ్మినామెను అడిగితే "మాది సహజం, దుష్ఫలితాలు ఉండవు" అన్నారు.

నేను అడిగేది ఒక్కటే. ఆ "సహజం" అన్న మాటకి ఇంత ధర కట్టడం సబబేనా?

సగటు జీతం:

సబబు కాదండి. నెలకి మా ఇంట్లో నాలుగు లీటర్ల నూనె. లీటరుకి రెండొందలు తేడా అనుకున్నా నెలకి ఎనిమిది వందలు. అది మా చిన్నవాడి ఆటో ఫీజు. నూనె ఏదైనా నూనే. గ్రాముకి తొమ్మిది కేలరీలు, గానుగలో ఆడినా మిల్లులో ఆడినా. ప్యాకెట్ నూనె వాడేవాళ్లు పిల్లలకి విషం పెడుతున్నట్టు మాట్లాడుతున్నారు ఈ మధ్య. అది వింటే బాధగా ఉంటుంది.

పెన్నా గానుగ (నంద్యాల దగ్గర):

అక్కా, నేను చెక్క గానుగ నడుపుతాను. మాది ఆరేళ్లుగా ఇదే బతుకు. ధర ఎక్కడ నుంచి వస్తుందో చెప్తాను, తర్వాత సబబో కాదో మీరే చూడండి.

మా రోలు, రోకలి దిరిసెన చెక్కవి. మోటారు ఉంది కానీ నిమిషానికి పది, పదిహేను చుట్లకు మించి తిప్పం. పచ్చి విత్తనాలు పోసి కాసిన్ని నీళ్లు చిలకరించాలి. నువ్వులైతే బెల్లం ముక్క వేయాలి, అప్పుడే పిండి ముద్దకట్టి నూనె వదులుతుంది. దించిన నూనె మూడు నాలుగు రోజులు కదలకుండా పెడితే మడ్డి అడుక్కి దిగుతుంది, పైది తేర్చి సీసాల్లో పోస్తాం. మడ్డి సరిగా దిగని నూనే ఎక్కువగా నురగ కడుతుంది. గానుగ నూనెతో గారెలు వేసేటప్పుడు బాణలి సగం కూడా నింపకండి, మంట తగ్గించుకోండి.

ఇక లెక్క. చెనక్కాయ విత్తనంలో నూటికి నలభై ఐదు నుంచి యాభై పాళ్లు నూనె ఉంటుంది. మా గానుగకు నలభై వస్తే పండగే. అంటే లీటరు నూనెకి సుమారు రెండున్నర కిలోల విత్తనాలు. నేను కిలో 125కి కొన్నాను, అక్కడే 310 దాటింది. నూనె తీశాక మిగిలే పిండి చెక్క అమ్మితే అరవై, డెబ్బై తిరిగొస్తుంది. కరెంటు, కూలి, సీసా కలుపుకుంటే నాకు 340 పడుతుంది. నేను 380కి అమ్ముతాను. పెద్ద మిల్లువాళ్లు లారీల లెక్కన కొంటారు. ఆ చెక్కలో మిగిలిన నూనెను హెక్సేన్ అనే ద్రావకం పోసి లాగేస్తారు, దాదాపు ఏమీ మిగలనివ్వరు. వాళ్ల ధరకి నేను అమ్మలేను. అలాగే ఎవరైనా లీటరు 200కి "చెక్క గానుగ నూనె" అంటే ఆ సీసాలో ఏముందో అడగండి.

ల్యాబ్ కోటు:

గానుగ తమ్ముడి లెక్క నిజాయితీగా ఉంది. కానీ ఆరోగ్యం పేరు చెప్పి అమ్మేవాళ్లు దాచే సంగతి ఒకటుంది. నేను ఆహార పరీక్షల పనిలో ఉన్నాను కాబట్టి చెప్పకుండా ఉండలేను.

వేరుశనగకి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. కాలేయ క్యాన్సర్ తెచ్చేదిగా రుజువైన పదార్థం అది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దీన్ని పొలంలోనే తగ్గించడానికి, చవగ్గా పరీక్షించడానికి ఏళ్ల తరబడి పని చేశారంటే సమస్య ఎంత పెద్దదో చూడండి. ఈ విషంలో ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది, కొంత నూనెలోకి వస్తుంది. రిఫైనరీలో నూనెను క్షారంతో కడిగి, మట్టితో రంగు తీసేటప్పుడు అది దాదాపు పోతుంది. గానుగ నూనెలో ఆ కడగడం లేదు. కాబట్టి గానుగ నూనె మంచిదా కాదా అన్నది గానుగలో తేలదు, గానుగలో పోసిన పప్పులో తేలుతుంది.

ఇంకొకటి. విడిగా కొలిచి పోసే నూనె ఏ పేరుతో అమ్మినా కొనకండి. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి నూనె కలిసి 60 మందికి పైగా చనిపోయారు. కాళ్లు వాచి, గుండె దెబ్బతిని పోయారు. అదీ మొక్క నుంచి తీసిందే.

తమ్ముడూ, సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. పప్పు ఏరుతారా? పరీక్ష చేయించారా?

పెన్నా గానుగ:

అనుకోవడానికి ఏముంది సార్, అడగాల్సిన మాటే. ఏరతాం. మా అమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చేటలో పోసుకుని ముడతపడ్డవి, నల్లబడ్డవి, పొట్టు కింద పచ్చగా బూజు కనిపించేవి తీసేస్తారు. బస్తాకి రెండు మూడు కిలోలు పోతాయి. పరీక్ష కాగితం మాత్రం నా దగ్గర లేదు. మీరు చెప్పాక కనుక్కుంటున్నాను, ఈ పంటకి ఒక్కసారన్నా చేయిస్తాను.

గోదారొడ్డు పెద్దమ్మ:

తులసమ్మా, మీ పాప సంగతి చదివి మనసు చివుక్కుమంది. ఆ పిండిలో బావంచాలు అనే మూలిక గింజలు వేశారేమో అడుగు. మా అత్తగారు నలుగుపిండికి పెసలు, పచ్చి శనగపప్పు, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు వేసేవారు. బావంచాలు వేస్తే చిటికెడే. అదీ ఒంటికే, ముఖానికి కాదు. బాలింతకి నలుగు పెడితే స్నానం చేయించి నేరుగా గదిలోకి తీసుకెళ్లేవారు. నలుగు పెట్టుకుని ఎండన పడితే మా అత్తగారు ఒప్పుకునేవారు కాదు. ఎందుకో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇప్పుడు డబ్బాలో పోసి అమ్మేవాళ్లకి పిండి చేరింది కానీ ఆ జాగ్రత్త చేరలేదు.

చర్మం డాక్టర్ని:

పెద్దమ్మగారి అత్తగారు చెప్పింది అక్షరాలా నిజం. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలినట్టు కందుతుంది. వెంటనే కాదు, ఒకటి రెండు రోజులకి. ఆ తర్వాత నల్లమచ్చ మిగులుతుంది, పోవడానికి నెలలు పట్టొచ్చు. బొల్లికి మేము వాడేది ఈ గుణాన్నే. అయితే సోరాలెన్ ఎంత ఇవ్వాలో, కాంతి ఎంతసేపు పెట్టాలో కొలిచి చేస్తాం. నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళ్లినా ఇలాంటి మచ్చలే వస్తాయి. పాపకి జరిగింది ఇదేనని చూడకుండా చెప్పలేను. దగ్గర్లోని చర్మ వైద్యులకి చూపించండి, అప్పటిదాకా ఎండ తగలనివ్వకండి, దాని మీద ఇంకేమీ రాయకండి.

నాకు ఇంతకంటే భయం వేసేది పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీములతో. 2023లో కేరళ మలప్పురంలో అలాంటి క్రీములు రాసుకున్నవాళ్లకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. వాటిలో పాదరసం ఉంది. కొన్నిటిని "మూలికల క్రీము" అనే అమ్ముతారు. వారంలో ముఖం తెల్లబడిందంటే సంతోషించకండి, వెంటనే ఆపేయండి.

కాకతీయ సబ్బులు (హనుమకొండ):

సబ్బు గురించి నేను చెప్తా, పదేళ్లు కాకపోయినా నాలుగేళ్ల నుంచి చేస్తున్నా. లైసెన్సు తీసుకునే చేస్తున్నా. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఇంట్లో చేసి అమ్మినా లైసెన్సు ఉండాలి, చాలామందికి ఈ సంగతే తెలియదు.

కిలో కొబ్బరి నూనె సబ్బుగా మారాలంటే సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అది లేకుండా సబ్బు అన్నదే లేదు. నూనె, సోడా కలిసి సబ్బు, గ్లిసరిన్ అవుతాయి. లెక్క సరిగా ఉంటే సోడా మిగలదు. "కెమికల్స్ లేని సబ్బు" అని రాసుకునేవాళ్లు నా తోటివాళ్లే అయినా ఒప్పుకోను. కొనేవాళ్ల దగ్గర అబద్ధంతో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు.

మీ సబ్బు నానిపోవడానికి రెండు కారణాలు. చేతి సబ్బులో గ్లిసరిన్ అలాగే ఉంటుంది. అందుకే చర్మానికి హాయి, అందుకే గాలిలో తడి పీలుస్తుంది. రెండోది, కోసిన తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. పండగ గిరాకీ వచ్చిందంటే పది రోజులకే చుట్టి అమ్మేస్తారు. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, గుంట పడితే ఆరలేదని లెక్క. చేసిన తేదీ అడగండి. నీళ్లు కారిపోయే జాలీ పెట్టెలో పెట్టండి, నెల వస్తుంది.

డల్లాస్ కోడలు:

ఇక్కడ నాలాంటివాళ్లం ఇండియా నుంచి వచ్చే ప్రతివాళ్లతో సున్నిపిండి తెప్పించుకుంటాం. ఏం వేశారో ఎప్పుడూ అడగలేదు. మా పాపకి ఏడాదిన్నర. ఇప్పుడే డబ్బా తీసి చూశాను, మీద దినుసుల జాబితానే లేదు. పక్కన పెట్టేశాను.

అనకాపల్లి అబ్బాయి:

బెల్లం గురించి ఒక్క మాట. మా ఊరి మార్కెట్లో పసుపచ్చగా మెరిసే దిమ్మకే మంచి రేటు పలుకుతుంది. ఆ రంగు కోసం పాకంలో హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వేస్తారు, దాని నుంచి సల్ఫర్ డయాక్సైడ్ బెల్లంలో మిగులుతుంది. బెల్లంలో సల్ఫర్ డయాక్సైడ్ కిలోకి 70 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన, కానీ దిమ్మ కొనేటప్పుడు ఎవరు కొలుస్తారు? ఆ మెరుపు లేని బెల్లం తెచ్చిన రైతు నష్టపోయి ఇంటికెళ్తాడు. ముదురు రంగు బెల్లం అడిగి కొనండి, రైతు హైడ్రోస్ వేయడం మానేస్తాడు. దీనికి రెట్టింపు ధర కూడా అక్కర్లేదు.

సగటు జీతం:

ఇంతమంది ఓపిగ్గా చెప్పాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. గానుగ తమ్ముడికి 380 ఇవ్వడం దండగ అనను. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో తెలుస్తోంది. కానీ డబ్బా మీద మాటకి మాత్రం పైసా ఇవ్వను. 2024 ఆగస్టులో పాల ప్యాకెట్ల మీద ఏ2 (దేశీ ఆవుపాలని చెప్పుకునే మాట) అని రాయొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం ఇచ్చి, వారం తిరక్కుండా వెనక్కి తీసుకుంది. ఆ మాటలు నమ్మాలో వద్దో కొనేవాడు ఎలా తేల్చుకోవాలి? మా ఇంట్లో వేపుళ్లకి ప్యాకెట్ నూనే. పచ్చళ్లకి, పొడుల్లోకి మాత్రం అరలీటరు గానుగ నూనె తెచ్చుకుంటాను. అంతవరకు మాకు కుదురుతుంది.

తులసికోట:

అందరికీ చేతులెత్తి దండం. నిన్న పాపని డాక్టర్‌కి చూపించాం. బావంచాల సంగతి చెబితే ఆయన కూడా అదే కారణం అయ్యుండొచ్చన్నారు, మచ్చ తగ్గుతుందని ధైర్యం చెప్పారు. సున్నిపిండి అమ్మినామెకి మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి కోపంగా కాదు, "ఏమేం వేశారో వరసగా చెప్పండమ్మా" అని అడిగాను. బావంచాలు ఎనిమిదో పేరు. ఎండతో ప్రమాదమని ఆమెకి నిజంగానే తెలియదు. డబ్బా మీద దినుసులన్నీ రాయమని, ఎండ హెచ్చరిక పెట్టమని బతిమాలాను. సరే అన్నారు. వచ్చే సంతకి వెళ్లి చూస్తాను.

సున్నిపిండి ఇక ఇంట్లోనే. పెద్దమ్మగారూ, బావంచాలు లేకుండా కొలతలు రాయండి. నూనె కొంటాను, కానీ ఒకసారి పప్పు ఏరడం దగ్గర నుంచి కళ్లారా చూడాలని ఉంది. తమ్ముడూ, దసరా సెలవుల్లో కర్నూలు వస్తున్నాం. అటు నుంచి మీ గానుగకి రావచ్చా?

పెన్నా గానుగ:

రండక్కా. పొద్దున ఏడుకల్లా వస్తే మొదటి వాయి చూడొచ్చు. అమ్మ ఏరుతూ ఉంటుంది, పక్కన కూర్చుని మీరూ ఒక చేట ఏరండి. ఖాళీ స్టీలు క్యాను తెచ్చుకోండి, సీసా డబ్బులు తగ్గిస్తాను.

గోదారొడ్డు పెద్దమ్మ:

రాసుకో అమ్మా. పెసలు అరకిలో, పచ్చి శనగపప్పు పావుకిలో, బియ్యం గుప్పెడు, కస్తూరి పసుపు కొమ్ములు రెండు, కచ్చూరాలు యాభై గ్రాములు, వట్టివేళ్లు ఒక చిన్న కట్ట. అన్నీ రెండు రోజులు ఎండబెట్టి మరలో కాస్త బరకగా ఆడించు. మరవాడికి ముందే చెప్పు, కారం ఆడిన వెంటనే వేయొద్దని.