గుర్రప్పందాల మోసం మీద థ్రిల్లర్ రాస్తున్నా: గుర్రాన్నే మార్చేస్తే ఎవరికీ తెలియదా?

రాతబల్ల

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా ఒక మిస్టరీ నవల రాస్తున్నాను, సగం దాకా వచ్చి ఆగిపోయాను. కథ 1985 ప్రాంతపు హైదరాబాద్‌లో జరుగుతుంది. ఎప్పుడూ వెనకబడే ఒక గుర్రం ఓ ఆదివారం అన్నిటినీ దాటేసి గెలుస్తుంది, తెల్లారేసరికి దాన్ని చూసుకునే సైసు కనపడకుండా పోతాడు, అతని కూతురు వెతకడం మొదలుపెడుతుంది. అసలు గుట్టు ఏమిటంటే ఆ రోజు పరిగెత్తింది ఆ గుర్రం కాదు, అవే పోలికలున్న ఇంకో మంచి గుర్రం.

చదివిన నా స్నేహితుడు ఒక్క మాటతో గాలి తీసేశాడు: "అంతమంది చూస్తుండగా గుర్రాన్ని మార్చేస్తే ఎవరూ కనిపెట్టరా?" నాకు రేసుల గురించి తెలిసిందల్లా చిన్నప్పుడు మా మేనమామతో రెండు మూడుసార్లు మలక్‌పేట వెళ్ళడమే. ఆయన చొక్కా జేబులో మడతపెట్టిన రేసు పుస్తకం, అందులో పెన్సిల్ గీతలు, గుర్రాలు చివరి మలుపు తిరగగానే జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడటం, అంతే గుర్తు. ఇలాంటివి నిజంగా ఎక్కడైనా జరిగాయా? జరిగితే ఎలా బయటపడ్డాయి? ఆ అమ్మాయికి ఏ ఆధారం దొరకాలో తేలక నిద్ర పట్టడం లేదు.

ఫోటోఫినిష్

జరిగాయి, అదీ మీ కథాకాలంలోనే. 1984 ఆగస్టు 18, ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరం, ఈగిల్ ఫార్మ్ రేస్‌కోర్సు. ఫైన్ కాటన్ అనే మామూలు గుర్రం పేరు మీద బోల్డ్ పర్సనాలిటీ అనే ఎంతో మెరుగైన గుర్రాన్ని దింపారు. నిజానికి వాళ్ళు మొదట అనుకున్నది వేరే గుర్రం, అది చూడటానికి ఫైన్ కాటన్ లాగే ఉండేది. తీరా రేసు దగ్గరపడ్డాక దానికి దెబ్బ తగిలింది. వెనక్కి తగ్గే దారి లేక హడావిడిగా ఇంకోదాన్ని కొన్నారు, దాని రంగు వేరు, కాళ్ళ మీద ఉండాల్సిన తెల్ల మచ్చలు లేవు. అప్పుడేం చేశారంటే ఆడవాళ్ళు తలకి వేసుకునే రంగు తెచ్చి గుర్రానికి పులిమారు, కాళ్ళకి తెల్ల పెయింట్ కొట్టారు! మీరు ఇది నవల్లో రాస్తే మీ స్నేహితుడు పుస్తకం విసిరేస్తాడు, కానీ జరిగింది ఇదే.

గుర్రం వెంట్రుకవాసి తేడాతో గెలిచింది. ఫలితం చెప్పేలోపే జనంలోంచి "గుర్రాన్ని మార్చారు" అని కేకలు. చెమటకి పెయింట్ కారుతోందని చూసినవాళ్ళు చెప్పారు. స్టీవార్డులు, అంటే రేసులు సజావుగా జరిగేలా చూసే అధికారులు, గుర్రం కాగితాలు అడిగేసరికి ట్రైనర్ అక్కడ లేడు, జారుకున్నాడు. తర్వాత దొరికి జైలుకెళ్ళాడు.

అయితే నా ఉద్దేశంలో వాళ్ళని పట్టించింది పెయింట్ కాదు, రేటు. పొద్దున 33కి 1 (రూపాయి పెట్టి గెలిస్తే 33 లాభం) ఉన్న గుర్రం రేసు మొదలయ్యేసరికి 7కి 2కి (రెండు రూపాయలకి ఏడు) వచ్చేసింది. ఏ చరిత్రా లేని గుర్రం మీద దేశమంతా ఒకేసారి డబ్బు కుమ్మరిస్తే బుకీలకి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? మీ కథలో కూడా మొదట వాసన పట్టాల్సింది బుకీ దగ్గర బోర్డు మీద సుద్దముక్కతో రేట్లు చెరిపి రాసే కుర్రాడు. ఎన్నిసార్లు చెరిపాడో వాడికి తెలుస్తుంది.

జీను_కళ్ళెం

పైన చెప్పింది నిజమే కానీ అది తెలివితక్కువ మోసం కాబట్టి దొరికింది. తెలివైన మోసం కావాలంటే ఇంగ్లండ్‌లో కార్ట్‌మెల్ అనే చిన్న రేస్‌కోర్సులో 1974 ఆగస్టు సెలవు రోజున జరిగింది చూడండి. గే ఫ్యూచర్ అనే మంచి గుర్రాన్ని ఐర్లండ్‌లో గుట్టుగా తయారు చేశారు, స్కాట్లండ్‌లో ట్రైనర్ దగ్గర మాత్రం అదే పేరుతో ఒక పనికిరాని గుర్రాన్ని ఉంచారు. రేసు రోజు అసలుది దిగింది. దిగే ముందు దాని కాళ్ళకి సబ్బుపొడి రాశారు, నురగ చూసి ఇది బెదిరి చెమటలు కక్కుతోందని జనం అనుకోవాలని. అనుకున్నారు కూడా, రేటు 10కి 1 దాకా పెరిగింది.

డబ్బు పెట్టిన తీరు ఇంకా గట్టిది. ఒక్క గుర్రం మీద పెద్ద మొత్తం పెడితే అనుమానం వస్తుంది. అందుకని లండన్‌లో షాపు షాపుకీ తిరిగి, గే ఫ్యూచర్‌తో పాటు అదే ట్రైనర్‌వి ఇంకో రెండు గుర్రాలు కలిపి జంట పందేలుగా చిన్న చిన్న మొత్తాలు కట్టారు. వేర్వేరు రేస్‌కోర్సుల్లో పరిగెత్తాల్సిన ఆ రెండూ చివరి నిమిషంలో తప్పుకున్నాయి. నియమం ప్రకారం డబ్బంతా వచ్చి గే ఫ్యూచర్ మీదే పడింది. కార్ట్‌మెల్‌కి ఫోన్ కలపడమే కష్టం, సెలవు రోజు రోడ్లన్నీ కార్లతో నిండిపోయాయి, బుకీలకి విషయం అర్థమయ్యేసరికి గుర్రం 15 లెంగ్త్‌ల (ఒక లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచేసింది.

ఎలా బయటపడిందంటే, ఒక విలేకరి ఆ ట్రైనర్ ఇంటికి ఫోన్ చేసి మిగతా రెండు గుర్రాల సంగతి అడిగాడు. ఫోన్ ఎత్తిన ఆవిడకి ఏమీ తెలియదు, అవి ఎదురుగా పొలంలోనే ఉన్నాయని చెప్పేసింది. అసలు వాటిని లారీ ఎక్కించనే లేదన్నమాట. నాకు ఇంతకన్నా మంచి క్లైమాక్స్ ఎక్కడా కనపడలేదు.

ఎడిసన్_తెలుగు

నేను న్యూజెర్సీ నుంచి. మీ కథ ఇప్పటి కాలంలోది అయితే గుర్రం మార్పిడి పక్కన పెట్టేయమనేదాన్ని, మెడలో మైక్రోచిప్ ఉంటుంది, పుట్టుకకి డీఎన్‌ఏ పరీక్ష ఉంటుంది. ఇప్పుడు మోసమంతా సూదిమందులోనే. 2020 ఫిబ్రవరి 29న మాక్సిమమ్ సెక్యూరిటీ అనే గుర్రం సౌదీ కప్పులో మొదట వచ్చింది, గెలిచిన వాటా కోటి డాలర్లు. పది రోజులు తిరగకముందే దాని ట్రైనర్ జేసన్ సర్విస్ మీద ఇక్కడ కేసు పెట్టారు, ఇంకో ట్రైనర్ జోర్జ్ నవారో, కొందరు పశువైద్యులు కూడా అందులో ఉన్నారు. ఎఫ్‌బీఐ వాళ్ళ ఫోన్లు విని పట్టుకుంది. నవారోకి ఐదేళ్ళు, సర్విస్‌కి నాలుగేళ్ళు శిక్ష పడింది.

నాకు బాధనిపించేది ఏమిటంటే ఈ కేసులన్నిటిలో పోయిన డబ్బు గురించే మాట్లాడతారు. ఎక్కించింది ఏమిటో కూడా తెలియకుండా ప్రాణం తెగేలా పరిగెత్తేది గుర్రం. దయచేసి మీ నవల్లో గుర్రం గురించి కనీసం ఒక అధ్యాయం రాయండి.

మలక్‌పేట_మనవడు

మా తాత సైసు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని విన్నవే చెప్తున్నా.

రాతబల్ల గారూ, రంగు దగ్గర ఆగిపోకండి. గుర్రాన్ని రోజూ తోమేవాడు దాన్ని రంగుతో గుర్తుపట్టడు, సుడులతో గుర్తుపడతాడు. నుదుటి మీద, మెడ పక్కన వెంట్రుకలు గుండ్రంగా తిరిగే చోట్లు ఉంటాయి కదా, అవి ఏ రెండు గుర్రాలకీ ఒకేలా ఉండవని తాత అనేవారు. మన పెద్దవాళ్ళు సుడి చూసి శకునం చెప్పేవాళ్ళు, కానీ గుర్తింపు కాగితాల్లో కూడా సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో బొమ్మ మీద గుర్తు పెడతారు. రంగు పూయొచ్చు, సుడి తిప్పలేరు. తాత కళ్ళు మసకబారాక కూడా నుదుటి మీద బొటనవేలు ఆనించి ఇది ఫలానాది అనేవారు. వేలు కొంచెం ఎడమకి జరిగి ఆగేది, అక్కడే ఉండేది సుడి.

ఇంకో మాట. సైసుని చివర్లో చెడ్డవాడిగా మాత్రం తేల్చకండి. తెల్లవారకముందే లేచి, గుర్రం మేత ముట్టకపోతే తనూ తినలేక కూర్చునే మనుషులు వాళ్ళు.

ఫోటోఫినిష్

సుడి సంగతి అద్భుతంగా ఉంది. దానికి తోడు ఒకటి. 1982 మార్చిలో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో రెండేళ్ళ గుర్రాల పందెంలో ఫ్లాక్టన్ గ్రే పేరుతో మూడేళ్ళ గుర్రాన్ని దింపారు, 20 లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. పిల్లల పరుగుపందెంలో పెద్దవాడు దూరినట్టు. ఆ రోజు ఫోటోల్లో ముందుకాలి మీద ఒక పాత మచ్చ కనపడింది, అది వేరే గుర్రానిదని తేలింది. 1844 ఎప్సమ్ డెర్బీలో కూడా మూడేళ్ళవాటి మధ్య నాలుగేళ్ళ గుర్రం గెలిచింది. వ్యవహారం కోర్టుకెక్కాక జడ్జి గుర్రాన్ని చూపించమన్నాడు, గుర్రం మాయమైపోయింది. పళ్ళు చూస్తే వయసు తెలిసిపోతుంది మరి.

రాతబల్ల

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి కూర్చుని మూడు అధ్యాయాలు కొట్టేశాను. ఇప్పుడు సైసు మాయమయ్యేది భయపడి కాదు, అసలు గుర్రం ఎక్కడుందో వెతకడానికి. కూతురి దగ్గర మిగిలింది పేపర్లో వచ్చిన గెలుపు ఫోటో ఒక్కటే. నాన్న పక్కన నిలబడి తను రోజూ నిమిరిన నుదుటి మీద సుడి ఎడమవైపున ఉండేది, ఆ ఫోటోలో కుడివైపున ఉంటుంది.

మనవడు గారూ, ఒక్క సందేహం. పేపర్ ఫోటోలో సుడి కనపడేంత స్పష్టత ఉంటుందా ఆ రోజుల్లో?

మలక్‌పేట_మనవడు

పేపర్లో కనపడదు. గెలిచాక యజమాని కోసం తీసే పెద్ద ప్రింట్‌లో కనపడుతుంది. ఆ అమ్మాయిని ఫోటోగ్రాఫర్ దగ్గరికి పంపండి, నెగటివ్ అడగమనండి.